వయొలిన్ పెట్టె అటకెక్కించాలా?

గుంటూరు నుంచి ఒక అమ్మాయి ఆరు పేజీల ఉత్తరం రాసింది. పేరు వద్దంది. ఊళ్లో వయొలిన్ నేర్చుకునే ఇంటర్ పిల్లలు ఎంతమంది ఉంటారు, ఇట్టే తెలిసిపోతుందని భయం, అందుకని ఒకటి రెండు వివరాలు నేనే మార్చాను.

సంగతి ఇదీ. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ, డే స్కాలర్. పొద్దున ఏడున్నరకి కాలేజీలో ఉంటే స్టడీ అవర్స్ అన్నీ అయ్యి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. ఎనిమిదో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటోంది. సర్టిఫికెట్ పరీక్ష పాసైంది, వచ్చే ఏడాది డిప్లొమా పరీక్ష రాయమని మాస్టారు అంటున్నారు, జనవరిలో త్యాగరాజ ఆరాధనకి అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడే, వాయించే గోష్ఠిలో ముందు వరసలో కూర్చోబెడతానని కూడా అన్నారు. నాన్న మిర్చి యార్డులో ఒక కొట్లో గుమస్తా, రెండేళ్ల ఫీజు కోసం అప్పు చేశాడు. జూన్‌లో వీకెండ్ టెస్టులో 300కి 118 వచ్చాయి, జులై ఆఖరి టెస్టులో 92 వచ్చాయి, వెంటనే కింది సెక్షన్‌కి మార్చేశారు. కాలేజీ వాళ్లు నాన్నని పిలిపించి "ఇంట్లో ఏమన్నా డిస్టర్బెన్స్ ఉందా" అని అడిగితే ఆయన వయొలిన్ మాట చెప్పాడు. "అదేనండీ మరి" అన్నారట. ఆ రాత్రే నాన్న "ఈ ఒక్క ఏడాది ఆపెయ్యి తల్లీ, తర్వాత నీ ఇష్టం" అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. ఈ పిల్ల సరేనంది.

కానీ ఆపలేదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి డౌట్స్ క్లాసని చెప్పి మాస్టారింటికి వెళ్తోంది. మామూలు రోజుల్లో నాన్న కొట్టు నుంచి వచ్చేలోపు ఒక అరగంట వాయించి, పెట్టె అమ్మ బీరువాలో చీరల వెనక దాస్తోంది. అమ్మకి తెలుసు. మొన్న పై ఫ్లోర్ ఆవిడ మెట్ల మీద ఎదురుపడి "మీ అమ్మాయి చేతిలో ఈమధ్య మంచి పలుకు వచ్చిందండీ" అని మెచ్చుకుంటే అమ్మకి గుండె జారిందట. "వయొలిన్ పట్టుకుంటే ఫిజిక్స్ గుర్తొస్తుంది, ఫిజిక్స్ ముందు కూర్చుంటే వర్ణం గుర్తొస్తుంది, రెండూ చెయ్యట్లేదు మేడం" అని రాసింది. దీనికి తోడు డాలస్‌లో ట్వెల్త్ గ్రేడ్ చదువుతున్న బాబాయి కూతురు, అక్కడ కాలేజీ అప్లికేషన్లో పది యాక్టివిటీస్ రాయాలి, నువ్వూ ఎన్‌ఎస్‌ఎస్‌లోనో క్విజ్ క్లబ్బులోనో చేరు అని చెప్పిందట. ఆపేయాలా, కొనసాగించాలా, ఇంకా నాలుగు తగిలించుకోవాలా, ఇదీ ప్రశ్న.

అమ్మాయ్, ముందు మార్కుల సంగతి చూద్దాం, ఎందుకంటే ఇంట్లో గొడవంతా అక్కడే మొదలైంది. నువ్వు రెండు టెస్టుల స్లిప్పులు ఫొటో తీసి పెట్టావు చూడు, ఆరు పేజీల ఉత్తరం కంటే అవే నాకు ఎక్కువ చెప్పాయి. జేఈఈ మెయిన్ పద్ధతి టెస్టు, 75 బిట్లు, రైటుకి 4, తప్పుకి మైనస్ 1. జూన్‌లో నువ్వు 42 బిట్లు పెట్టావు, 32 రైటు, 10 తప్పు. 128లోంచి 10 పోతే 118. జులైలో 58 పెట్టావు, 30 రైటు, 28 తప్పు. 120లోంచి 28 పోతే 92. అంటే తగ్గిన 26 మార్కుల్లో రెండు రైట్లు తగ్గినందుకు పోయినవి 8. మిగతా 18 నువ్వు తెలియని బిట్లు ఊహించి పెట్టినందుకు పోయాయి. జూన్ టెస్టంతా ఫస్టియర్ చాప్టర్లే, జులైలో కరెంట్ ఎలక్ట్రిసిటీ, ఎలక్ట్రోకెమిస్ట్రీ కొత్తగా కలిశాయని నువ్వే రాశావు. కొత్త సిలబస్ వచ్చినా నీ రైట్లు రెండే తగ్గాయి. జూన్‌లోలా పది తప్పుల దగ్గర ఆగి ఉంటే 110 వచ్చేవి, సెక్షన్ మారేది కాదేమో, మీ నాన్నగారిని పిలిపించే వాళ్లే కాదేమో.

నేను జూనియర్ కాలేజీలో 26 ఏళ్లు లెక్కలు చెప్పాను, ఈ జబ్బు నాకు బాగా తెలుసు. మన పిల్లలు ఒకే ఏడాది రెండు రకాల పరీక్షలు రాస్తారు. రాష్ట్రం పెట్టే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 బిట్లు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు, అక్కడ తెలియని బిట్టు వదిలేసిన వాడు తెలివితక్కువవాడు. జేఈఈలో సరిగ్గా దీనికి తిరగేసి, తెలియనిది వదిలేయాలి. సార్ "అటెంప్ట్స్ పెంచండి" అన్నారని రాశావు. ఆయన ఏ టెస్టు గురించి అన్నారో, ఎవరిని చూసి అన్నారో అడిగావా? వచ్చే టెస్టులో ఒక పని చెయ్యి. తప్పైన ప్రతి బిట్టు పక్కన మూడింట్లో ఒకటి రాయి: తెలియక ఊహించానా, తెలిసీ లెక్క తప్పానా, టైము చాలక గబగబా పెట్టానా. రెండు టెస్టులు ఇలా చేస్తే నీ రోగమేంటో నీకే తెలుస్తుంది. దాంట్లో వయొలిన్ పేరు ఎక్కడా రాకపోవచ్చు.

అంటే వయొలిన్‌కి క్లీన్ చిట్ ఇచ్చేశానని సంబరపడకు. అది టైము తింటుంది, అబద్ధం ఇంకా ఎక్కువ తింటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు సీటు సంగతి. "వాయిస్తే సీటుకి పనికొస్తుందని చూపించగలిగితే నాన్న ఒప్పుకుంటాడేమో" అని రాశావు కదా, ఆ దారి వద్దు. నిజం చెప్పాలంటే పనికిరాదు. ఐఐటీ, ఎన్‌ఐటీలన్నిటికీ కలిపి జరిగే జోసా కౌన్సెలింగ్‌లో ఎన్‌ఐటీ సీట్లకి చూసేది జేఈఈ మెయిన్ ర్యాంకు, ఐఐటీలకి అడ్వాన్స్‌డ్ ర్యాంకు, పైన ఇంటర్‌లో 75 శాతం మార్కులు, లేకపోతే బోర్డులో టాప్ 20 పర్సంటైల్. మన రాష్ట్రం ఈఏపీసెట్‌లో ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది (తెలంగాణలో 2023 నుంచి తీసేశారు, అక్కడి ఫ్రెండ్స్ మాట విని ఐపీఈని, అంటే ఇంటర్ పబ్లిక్ పరీక్షల్ని గాలికి వదిలేయకు). ఆటలకి 0.5 శాతం, ఎన్‌సీసీకి 1 శాతం రిజర్వేషన్ ఉంటుంది. సంగీతానికి ఏమీ లేదు.

ఒక్కచోట మాత్రం ఉంది, ఎవరో ఒకరు నీ చెవిన వేసి ఆశపెడతారు కాబట్టి నేనే చెప్పేస్తాను. ఐఐటీ మద్రాస్ 2024లో క్రీడాకారులకీ, ఆ మరుసటేడు లలితకళల వాళ్లకీ విడిగా అడ్మిషన్ పెట్టింది, ఒక్కో కోర్సుకి రెండేసి అదనపు సీట్లు, అందులో ఒకటి ఆడపిల్లలకే. వినడానికి నీ కోసమే పెట్టినట్టు ఉంటుంది. కానీ దానికి ముందు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు లిస్టులో నీ పేరు ఉండాలి. అడ్వాన్స్‌డ్ రాయాలంటే మెయిన్‌లో దేశం మొత్తం మీద మొదటి రెండున్నర లక్షల మందిలో ఉండాలి. ఆపైన ఆకాశవాణి గ్రేడు లాంటి జాతీయ స్థాయి గుర్తింపు చూపించాలి, మాస్టారు ఇచ్చే సర్టిఫికెట్ సరిపోదు. నువ్వు ఆ స్థాయిలో ఉంటే మీ మాస్టారే చెప్పేవారు. ఆ సీటుని తలుచుకుని ఈ ఏడాది ప్లాన్ చేసుకోవద్దు, ర్యాంకు వచ్చాక చూద్దాం.

మీ డాలస్ చెల్లెలు చెప్పింది అబద్ధం కాదు, ఆ దేశానికి అది నిజం. అక్కడ చాలా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్లో యాక్టివిటీలకి పది గడులు ఉంటాయి, ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలకి మించి చోటుండదు, పక్కన వ్యాసం రాయాలి, తొమ్మిదో తరగతి నుంచి మార్కులు పంపాలి. ఆ పిల్ల ఆ పది గడుల టెన్షన్‌లో ఉంది, నీకూ ఉంటుందనుకుంది. ఇక్కడ ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్టూ క్విజ్ మెడలూ పట్టుకుని ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్తే వాటిని తెరిచి చూసేవాళ్లు ఉండరు. మన దగ్గరా కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు వ్యాసం, ఇంటర్వ్యూ, చదువు బయట చేసినవీ చూస్తాయి, కానీ ఫీజులు చూస్తే మీ నాన్నగారు ఇప్పుడు చేసిన అప్పు చిన్నదనిపిస్తుంది, స్కాలర్‌షిప్ దొరికితే తప్ప అటు చూడొద్దు. కాబట్టి కొత్తగా ఏమీ తగిలించుకోకు.

ఇది విని నీకు నీరసం రావచ్చు. నాకైతే ఇందులో ఒక హాయి కనిపిస్తోంది. సీటుకి పనికిరాదు కాబట్టి, ఎవరికో చూపించడానికి నువ్వు వాయించక్కర్లేదు. మీ చెల్లెలికి ఆ వెసులుబాటు లేదు పాపం, అది పియానో వాయించినా ఏ గడిలో రాయాలో ఆలోచించుకునే వాయించాలి.

టైము లెక్క కూడా ఒకసారి చూద్దాం. రోజూ అరగంట చొప్పున ఆరు రోజులు మూడు గంటలు, ఆదివారం క్లాసు రెండు గంటలు, రానూపోనూ ఒక గంట. వారానికి ఆరు గంటలు. నువ్వే రాశావు, రాత్రి పదకొండుకి పుస్తకం మూసి పన్నెండుంపావు దాకా ఫోన్ చూస్తున్నానని. అది వారానికి ఎనిమిదిన్నర గంటలు దాటుతుంది. తిట్టడానికి చెప్పట్లేదు, పన్నెండు గంటలు కాలేజీలో కూర్చుని వచ్చిన పిల్లకి బుర్ర పనిచెయ్యదు, వేలు మాత్రం పనిచేస్తుంది, ఫోన్ ఆ వేలితో నడుస్తుంది. కానీ ఆరు గంటల వయొలిన్‌కి నిషేధం పడి, ఎనిమిదిన్నర గంటల ఫోన్ గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం మాత్రం నాకు విచిత్రంగా ఉంది.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెబుతాను. ఏది ఎంచుకున్నా కొంత పోతుంది.

మొదటిది, నాన్న చెప్పినట్టు పూర్తిగా ఆపేయడం, మే దాకా. తొమ్మిది నెలలు. తొమ్మిదేళ్లు వాయించిన వేళ్లు తొమ్మిది నెలల్లో అన్నీ మర్చిపోవు, మళ్లీ కమాను పట్టిన రోజున శ్రుతి కుదరక ఏడుపొస్తుంది, రెండు నెలల్లో దారిలో పడతావు. ఇంట్లో మనశ్శాంతి ఉంటుంది, అది చిన్న లాభం కాదు. కానీ ఆ ఆరు గంటలు నేరుగా ఫిజిక్స్‌లోకి వెళ్తాయని మాత్రం అనుకోకు. నేను పనిచేసిన కాలేజీలో ఒక కబడ్డీ పిల్లాడు ఉండేవాడు, జిల్లా స్థాయి ఆడేవాడు, వాళ్ల నాన్నని పిలిపించి ఆట మాన్పించమని చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. మాన్పించారు. వాడి మార్కులు అంగుళం కదల్లేదు. సాయంత్రం ఆడే గంటలో పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి గ్రౌండు చూసేవాడు. ఆ కిటికీ ఇప్పటికీ నాకు గుర్తుంది. అందుకే ఈ దారిలో వెళ్తే ఇష్టపడి వెళ్లు, నాన్న కోసం త్యాగం చేశానన్న మొహం పెట్టుకుని కాదు. అలా చేస్తే ఏ టెస్టులో మార్కు తగ్గినా ఆయన్నే నిందిస్తావు.

రెండోది, తగ్గించి ఉంచుకోవడం. డిప్లొమా పరీక్ష ఏడాది వాయిదా, ఆరాధన గోష్ఠి ఈసారికి లేదు, కచేరీలూ రిహార్సల్సూ ఏమీ లేవు. రోజుకి పాతిక నిమిషాల సాధకం, శ్రుతి చేసుకుని పొడుగు కమాన్లు కాసేపు, ఒక వర్ణం రెండు కాలాల్లో, మిగిలితే వచ్చిన కీర్తన ఒకటి. కొత్త పాఠం తీసుకోకు, కొత్త పాఠమైతే రోజంతా బుర్రలో తిరుగుతుంది, వచ్చింది వాయిస్తే అలసట పోతుంది. క్లాసు రెండు వారాలకి ఒకసారి. అది కూడా డిసెంబర్ మధ్య నుంచి జేఈఈ మెయిన్ జనవరి సెషన్ అయ్యేదాకా పూర్తిగా బంద్, తర్వాత ప్రాక్టికల్సూ ఐపీఈ అయ్యేదాకా మళ్లీ బంద్. దీంట్లో నష్టం ఏంటంటే, నువ్వు ఎదగవు. ఉన్నచోటే ఉంటావు. మాస్టారు చిన్నబుచ్చుకోవచ్చు, ముందు వరసలో ఇంకొకళ్లు కూర్చుంటారు, నీ కంటే వెనక నేర్చుకున్న పిల్ల డిప్లొమా ముందు పాసవుతుంది. అది తట్టుకోగలవా అన్నది చూసుకో.

ఆరాధన గురించి ఒక మాట. అది జరిగే పుష్య బహుళ పంచమి ఎక్కువగా జనవరిలోనే పడుతుంది, జేఈఈ మెయిన్ మొదటి సెషనూ జనవరి చివర్లోనే. 2024లో అయితే ఆరాధన జనవరి 30న వచ్చింది, సరిగ్గా పరీక్షలు జరుగుతున్న రోజుల్లో. గోష్ఠికి పోయేది ఆ ఒక్క రోజే అయితే నేనే వెళ్లమనేదాన్ని, దానికి ముందు నెల రోజులు అందరూ కలిసి రిహార్సల్ చేస్తారు కదా, అదే అసలు ఖర్చు. జనవరి, ఏప్రిల్ రెండు సెషన్లలో ఏది బాగా వస్తే అదే ర్యాంకుకి తీసుకుంటారు, ఏప్రిల్ ఉంది కదా అనుకోవచ్చు, కానీ ఏప్రిల్‌ని చూసుకుని జనవరిని వదిలేసినవాళ్లు ఏప్రిల్‌లో ఒక్క ఛాన్సుతో వణుకుతూ రాయడం చూశాను.

మూడోది చెబితే మీ నాన్నగారు నన్ను తిడతారు, అయినా చెప్పాలి. డిప్లొమా, ఆరాధన, అన్నీ ఉంచుకుని, జేఈఈ అడ్వాన్స్‌డ్ ఆశ మానుకోవడం. ఐపీఈ, ఈఏపీసెట్ మీద గట్టిగా కూర్చుని రాష్ట్రంలో మంచి కాలేజీ చూసుకోవడం, మెయిన్ ఎలాగూ రాస్తావు కాబట్టి తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సగం సీట్లు మన రాష్ట్రం వాళ్లకే కాబట్టి అదీ ఒక కన్ను వేసి ఉంచడం. ఇది ఓడిపోవడం కాదు, వేరే ఎంపిక. కానీ కళ్లు తెరుచుకుని ఎంచుకోవాలి. నా దగ్గర చదివిన ఒక కూచిపూడి అమ్మాయి డిసెంబర్, జనవరి అంతా ప్రోగ్రాములు చేసింది, అన్నీ మేనేజ్ చేస్తానంది, జేఈఈ పోయింది, ఐపీఈ దెబ్బతింది, వచ్చిన సీటు నచ్చక లాంగ్ టర్మ్‌లో, అంటే మళ్లీ ఏడాది కోచింగ్‌లో కూర్చుంది, ఆ ఏడాది ఇంట్లో గజ్జెల చప్పుడే లేదు. అన్నీ ఉంచుకుంటానంటే ఏదీ ఎంచుకోనట్టే లెక్క. నీకు అప్పు సంగతి కూడా ఉంది. ఆ ఫీజు దేని కోసం కట్టారో ఆయనకి ఒక ఊహ ఉంటుంది, ఆ ఊహ మార్చాలంటే ఆయనతో కూర్చుని మార్చాలి, వెనక నుంచి కాదు.

నన్నడిగితే రెండోది నీకు సరిపోతుందనిపిస్తోంది, కానీ నీ గదిలో నువ్వు కూర్చుంటావు, నేను కాదు. ఒకవేళ రెండోది ఎంచుకుని నవంబర్ దాకా చూసి, ఊహించి పెట్టడం మానేసినా మార్కులు పెరగకపోతే, అప్పుడు మొదటి దారికి మారిపో. ముందే ఆ మాట నాన్నకి ఇవ్వు, ఏ టెస్టు దగ్గర, ఎన్ని మార్కుల దగ్గర అన్నది ఇద్దరూ కలిసి కాగితం మీద రాసుకోండి.

ఇక అబద్ధం. నీ ఉత్తరంలో ఎక్కడ వయొలిన్ మాట వచ్చినా దాని పక్కనే టైము ఉంది, నాన్న ఎనిమిదిన్నరకి వస్తాడు, ఎనిమిదీ పదికి పెట్టె సర్దేయాలి, ఆదివారం ఆరున్నర లోపు ఇల్లు చేరాలి. నువ్వు వాయిస్తున్న అరగంటలో చెవి వీధి తలుపు దగ్గరే ఉంటే అదేం సాధకం? ఫిజిక్స్ ముందు కూర్చున్నప్పుడు వర్ణం గుర్తొస్తుందన్నావు, నాకు మాత్రం గుర్తొచ్చేది వర్ణం కాదేమో, బీరువా ఏమో అనిపిస్తోంది. పైగా ఇది తెలిసిన రోజున ఆయనకి నీ మీద వచ్చే కోపం కంటే మీ అమ్మ మీద వచ్చే కోపం ఎక్కువ ఉంటుంది. నీ కోసం ఆవిడ మాట పడాల్సి వస్తుంది.

ఆయన్ని విలన్‌ని చేసుకోకు. గొంతు పెంచకుండా "తర్వాత నీ ఇష్టం" అన్న తండ్రి వినే మనిషే. కాలేజీలో గాజు తలుపు వెనక కూర్చోబెట్టి మార్కుల లిస్టు చూపిస్తే, ఇంగ్లీషు మాటల మధ్య ఆయనకి అర్థమైన తప్పు ఒక్క వయొలినే, దాన్నే పట్టుకున్నాడు. ఆయనకి లెక్క కావాలి. యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క రాసే మనిషికి 128లోంచి 10, 120లోంచి 28 అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టు. ముందు తప్పు ఒప్పుకో, మానలేదు నాన్నా, ఆదివారం వెళ్తున్నది డౌట్స్ క్లాసుకి కాదు, అమ్మ వద్దనే చెప్పింది, నేనే వినలేదు అను. (అమ్మ నిజంగా వద్దందో లేదో నాకు తెలీదు, ఈ ఒక్క అబద్ధానికి నేను పూచీ.) తర్వాత లెక్క చూపించు, తర్వాత నువ్వు వదులుకుంటున్నవి చెప్పు, డిప్లొమా, గోష్ఠి, రాత్రి ఫోన్. ఫోన్ ఆయన చేతికే ఇచ్చెయ్యి పదకొండింటికి. అడిగేది ఆఖర్న అడుగు, పాతిక నిమిషాలు.

ఆయన అయినా ఒద్దంటే? అనొచ్చు. అబద్ధం చెప్పావన్న బాధలో ఒక వారం మాట్లాడకపోవచ్చు కూడా. అప్పుడు వెంటనే వాదించకుండా రెండు టెస్టులు ఆగు, తప్పులు తగ్గించి చూపించు, మళ్లీ అడుగు. మాస్టారికి కూడా నువ్వే వెళ్లి చెప్పు, అమ్మ చేత ఫోన్ చేయించకు. ఆయన దగ్గర ఇంటర్‌లో ఆగి బీటెక్‌లో మళ్లీ వచ్చినవాళ్లు నువ్వు మొదటిదానివై ఉండవు.

ఎప్పుడు చెప్పాలి అంటావేమో. ఈ ఆదివారమే, నాలుగింటి క్లాసుకి బయల్దేరకముందే. ఆ పై ఫ్లోర్ ఆవిడ ఇప్పటికి మీ అమ్మతోనే అంది. సంగీతం తెలిసిన మనిషిలా ఉంది, అలాంటివాళ్లు మెచ్చుకోకుండా ఉండలేరు, లిఫ్టులో మీ నాన్నగారు కనబడితే ఆ వర్ణం ఏ రాగమో కూడా చెప్పి మరీ మెచ్చుకుంటుంది.